రాహేలు రాసిచ్చిన వయసు

గోదావరిఖనిలో బొగ్గుబాయిలోకి దిగే వాళ్లందరికీ ల్యాంప్ రూం రాహేలు తెలుసు. గని పైకప్పు కూలి భర్త పోయాక ఆయన బదులు ఆమెకు వచ్చిన ఉద్యోగం అది. పదకొండేళ్లుగా ఆ కిటికీ వెనక నిలబడి, నంబరు చెప్పిన ప్రతి కార్మికుడికీ టోపీకి తగిలించుకునే దీపం అందిస్తోంది. నిద్రకళ్లతో వచ్చినవాడైనా, ఇంట్లో పోట్లాడి వచ్చినవాడైనా తన నంబరు దగ్గర తడబడడు. తడబడ్డాడంటే అది వాడి నంబరు కాదని అర్థం. ఒకడి బదులు ఇంకొకడు దిగబోతుంటే ఆ చిన్న తడబాటును బట్టే నలుగురిని పట్టుకుంది రాహేలు. ఆమె కిటికీ ముందు అబద్ధం చెప్పి నెగ్గుకొచ్చినవాడు లేడని బాయి మీద పేరు.

అంత గట్టి మనిషి రాజకుమారి చేతిలో ఎట్లా బోల్తా పడిందో చెప్పాలంటే ముందు చర్చి ఉత్తరం సంగతి చెప్పాలి. బొగ్గుబాయిల మీద బదిలీలు మామూలే. కొత్తగూడెంలో పుట్టినవాడు రామకృష్ణాపూర్‌లో చదువుకుని గోదావరిఖనిలో డ్యూటీ చేస్తాడు. క్రైస్తవ కుటుంబం ఏదైనా ఊరు మారేటప్పుడు పాత చర్చి నుంచి ఒక ఉత్తరం తెచ్చుకుంటుంది. ఫలానావాళ్లు మా దగ్గర నమ్మకంగా నడుచుకున్నారు, మీలో చేర్చుకోండి అని. ఆదివారం ఆరాధనలో దాన్ని చదివితే చాలు, సాయంత్రానికల్లా కొత్తవాళ్ల క్వార్టర్‌కు చాప, బిందె, పక్కింటి కూర అన్నీ నడిచివస్తాయి. ఆ తర్వాత నువ్వెవరని అడిగితే అడిగినవాళ్లే సిగ్గుపడాలి. తాతల నాటి నుంచి ఆ పద్ధతి ఎవరినీ మోసం చేయలేదు, ఎందుకంటే మోసం చేయడానికి దాన్ని వాడుకోవచ్చని ఎవరికీ తోచలేదు.

రాజకుమారికి తోచింది. ఆగస్టు మొదట్లో రామకృష్ణాపూర్ చర్చి ఉత్తరంతో దిగింది. నలభై దాటిన మనిషి, నీలం అంచు తెల్లచీర, కళ్లద్దాలు, పాట ఎత్తుకుంటే చర్చంతా తల తిప్పి చూసే గొంతు. స్త్రీల సమాజం కార్యదర్శి రాహేలే గనక ఆ ఉత్తరం ఆమే చదివింది, ఆమే చప్పట్లు మొదలుపెట్టింది. నాగపూర్ దగ్గర ఒక మిషను దవాఖానలో ఆడపిల్లలకు నర్సు చదువు, తిండి, హాస్టలు అన్నీ ఉచితమని రాజకుమారి చెప్పినప్పుడు అందరికన్నా ముందు కళ్లు మెరిసింది క్రిస్టినాకు.

క్రిస్టినా యేసుదానం కూతురు. యేసుదానం బాయిలో బొగ్గు నింపే మనిషి, రాహేలును నోరారా అక్కా అంటాడు. అతని భార్య ఏరియా దవాఖానలో మూడు నెలలు మంచం పట్టి పోయింది. ఆ మూడు నెలలూ తల్లి పక్కన కూర్చుని నర్సుల చేతులు చూస్తూ గడిపిన పిల్ల, నర్సు కావడం తప్ప ఇంకే కోరికా పెట్టుకోలేదు. అయితే పద్దెనిమిది నిండితేనే చేర్చుకుంటారట. పిల్లకు పదిహేడు నిండి మూడు నెలలు. 'చర్చి కాగితం మీద వయసు రాసిస్తే చాలక్కా, అక్కడ అదే చెల్లుతది' అంది రాజకుమారి. పాస్టరు గారు ఊళ్లో లేరు. రాహేలు రాసిచ్చింది.

ఎట్లా రాసిచ్చావమ్మా అని ఆమె మీద ఒంటికాలి మీద లేవడం తేలికే. కానీ బొగ్గుబాయిల మీద వయసు అనేదానికి ఉన్న విలువ వేరు. రాహేలు మామకు కాగితం వయసు ఒకటి, ఆయన తల్లి చెప్పే వయసు ఇంకొకటి. పనిలో చేరిన రోజున ఆయన అందాజుగా ఏదో చెప్పాడు, ఎదుటివాడు రాసుకున్నాడు. ఆ వయసుతోనే బతికి, ఆ వయసుతోనే రిటైరయ్యాడు. ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. పదిహేడును పద్దెనిమిది చేయడం రాహేలు లెక్కలో అబద్ధం కాదు, ఉపకారం. చర్చి పేరున్న కాగితం మీద గుండ్రటి చేతివ్రాతతో 'పద్దెనిమిది సంవత్సరాలు నిండినవి, తన ఇష్టముతో వెళ్లుచున్నది' అని రాసి, సంతకం చేసి, సమాజం ముద్ర వేసింది. వేసి ఊరుకోలేదు, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కూడా.

"ఎవలన్న అడిగితె పద్దెనిమిది నిండినయ్, నా ఇష్టంతోనే పోతున్న అను బిడ్డా. తడబడకు."

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. సకల జనుల సమ్మెలో బాయిలు బందు, బడులు బందు, బస్సులు బందు. సెప్టెంబరు ఆఖరి శని, ఆదివారాలు రైళ్లు కూడా ఆపేశారు. రాజకుమారి నాగపూర్ దారిలోని బల్హార్షా వైపు బండి ఎక్కాల్సింది సరిగ్గా ఆ శనివారమే. అద్దె గది అప్పటికే ఖాళీ చేసేసింది. సామానుతో, ఒక పిల్లతో రాహేలు క్వార్టర్ తలుపు తట్టింది.

"బండ్లు నడిచేదాంక రెండు దినాలు ఉంటమక్కా. ఈమె మెర్సీ. మా రామకృష్ణాపూర్ పిల్లనే, క్రిస్టినాతోటి చదువుకు వస్తది."

చెప్పుల్లేని కాళ్లు, ఒంటికి వదులుగా వేలాడే కొత్త పంజాబీ డ్రెస్సు. పందొమ్మిదేళ్లు అంది రాజకుమారి. రాహేలు కళ్లకు పదిహేను కూడా కనపడలేదు. అయినా ఎండుకుపోయిన పిల్ల, తిండి లేక అట్లా ఉందేమో అనుకుని అన్నం ఎసరు పెట్టింది.

వంటయ్యాక వాకిట్లోకి వచ్చి పిలిచింది. "మెర్సీ, బువ్వకు రా బిడ్డా."

పిల్ల నల్లా దగ్గర చేతులు కడుక్కుంటోంది. తల తిప్పలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. అప్పుడు లోపలి నుంచి రాజకుమారి "మెర్సీ" అని ఒక్క అరుపు అరిచింది. పిల్ల ఉలిక్కిపడి ముందు రాజకుమారి ముఖం చూసింది, ఆ తర్వాతే "ఆఁ" అంది. రాహేలు చేతిలో కంచం అట్లాగే ఉండిపోయింది. పదకొండేళ్లుగా కిటికీ ముందు చూసిన తడబాటు అది. అది ఆ పిల్ల పేరు కాదు.

చూసి కూడా రాహేలు ఆ రోజంతా తనకు తాను సర్దిచెప్పుకుంది. పిల్లకు చెవుడేమో అనుకుంది. బెరుకేమో అనుకుంది. అన్నం ముందు ప్రార్థన చేస్తుంటే ఆ పిల్ల కళ్లు మూసుకోకుండా అందరినీ బెదురుగా చూస్తోంటే, ఇంట్లో నేర్పలేదేమో అనుకుంది. ఎంత తెలివైనవాళ్లకైనా తమ సంతకం ఉన్న కాగితం మీద అనుమానం రావాలంటే మనసు ఒప్పుకోదు.

ఆదివారం ఆరాధనలో క్రిస్టినాను ముందుకు పిలిచి ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. ఇంటికి వచ్చాక రాజకుమారి ఫోను పట్టుకుని, సిగ్నల్ లేదంటూ రోడ్డు దాకా పోయింది. రాహేలు పెరట్లో బియ్యం చెరుగుతూ పక్కన కూర్చున్న పిల్లను మెల్లగా అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

"మెర్సీ."

"ఏ ఊరు?"

"రామకృష్ణాపూర్."

"ఏండ్లెన్ని?"

"పందొమ్మిది నిండినయ్. నా ఇష్టంతోనే పోతున్న."

రాహేలు చేతిలో చేట ఆగిపోయింది. తాను అడగని మాట కూడా ఆ పిల్ల చెప్పేసింది. తాను క్రిస్టినాకు నేర్పిన వాక్యమే, అదే వరసలో, అదే తీరులో. 

"కన్న అవ్వ నిన్ను ఏమని పిలుస్తది?"

పిల్ల మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుంది. నేలకు చెబుతున్నట్టు అంది. "సారలమ్మ."

"నేను ఎవలకూ చెప్ప. ఏండ్లెన్ని, నిజం చెప్పు."

"నాకు ఎర్కలేదు. మేడారం జాతరల పుట్టిన్నని మా అవ్వ అంటది. నేను పుట్టిన జాతర గూడ కలిపితె ఏడు జాతర్లైనయ్."

రెండేళ్లకొకసారి వచ్చే జాతర. రాహేలు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. పదమూడు దాటి కొన్ని నెలలు. ఈ లెక్కలో అందాజు లేదు, ఉపకారమూ లేదు.

తర్వాత మాటలు ఒక్కొక్కటే రాలాయి. మంథని దాటాక అడవిలో ఊరు. మంచిర్యాలలో ఒక ఇంట్లో పనికి కుదురుస్తానని రాజకుమారి మేనమామను ఒప్పించింది. ఏదో కాగితం మీద పిల్ల వేలిముద్ర తీసుకుంది.

"పోలీసోళ్లకు చెప్తె మొదలు నన్నే జైల్ల ఏస్తరంట. ఏలిముద్ర నాదే గదా." పిల్ల కళ్లు తుడుచుకుంది. "ఈమె కొట్టదు. బండి తోలేటాయన కొడ్తడు. నాతోటి ఇంకొక పిల్ల ఉండె. పోయిన వారం ఆమెను బండిల తీస్కపోయిండు. నర్సు బడి గిట ఏం లేదు. ఆడికి పోయినంక ఏడ్వద్దు, ఎవలు అచ్చినా నవ్వాలె అని చెప్పిండు."

రాహేలు లోపలికి పోయి రాజకుమారి తెచ్చిన ఉత్తరం తీసింది. కింద సంతకం చేసిన రామకృష్ణాపూర్ సమాజం కార్యదర్శి సువార్తమ్మ ఆమెకు స్త్రీల ప్రార్థన కూటాల్లో తెలిసిన మనిషే. సువార్తమ్మకు ఫోను చేసింది. రాజకుమారి పేరు ఎత్తగానే అవతల నుంచి సంతోషం పొంగుకొచ్చింది.

"రాజకుమారక్క మీ తానున్నదా? దేవునికి స్తోత్రం. జర అడుగమ్మా, మా పిల్లలిద్దరు ఎట్లున్నరు? జూన్ల తీస్కపోయింది నర్సు చదువుకు. చేర్నంక ఒక్క ఫోనన్న లేదు. వాళ్ల తల్లులు నా పానం తింటున్నరు. నేనే రాసిచ్చిన గదా కాగితం."

నేనే రాసిచ్చిన గదా. ఆ మాట తన నోటి నుంచి వచ్చినట్టే అనిపించింది రాహేలుకు. ఫోను పెట్టేసింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో రాజకుమారి నిలబడి ఉంది.

"ఎవలకక్కా ఫోను?"

 రాజకుమారి కోప్పడలేదు. లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ నిదానమే ఎక్కువ భయపెట్టింది.

"పిల్ల ఏదో వాగి ఉంటది. వాగనీ. నువ్వు మాత్రం సోచాయించుకో అక్కా. నేను చదువు రానిదాన్ని. చర్చోళ్లు రాసిచ్చిండ్రు, నేను నమ్మిన. అడిగితె గిదే చెప్త. కాగితం మీద చెయ్యి నీది, ముద్ర నీది. పదిహేడేండ్ల పిల్లకు పద్దెనిమిదని ఎవలు రాసిండ్రంటె ఎవల పేరు చెప్తరు?"

"నన్ను మోసం జేసినవు."

"చేసిన్నో లేదో నాకూ నీకే ఎర్క. కోర్టుకు కాగితమే ఎర్క." అద్దాలు మళ్లీ పెట్టుకుంది. "సచ్చిన మొగని మీద వచ్చిన నౌకరి. కేసైతె ఉంటదా? జైలుకు పోయినామెను చర్చిల కూసోనిస్తరా? మా తమ్ముడు బండి తీస్కొని వస్తున్నడు. రైలు కోసం ఆగేది లేదు. ఓ గంటల పోతం. నువ్వు సప్పుడు చేయకుంటె నీ పేరు నా నోట్లకు రాదు."

రాజకుమారి పెరట్లోని పిల్లను చెయ్యి పట్టి లోపలికి తెచ్చి, పెరటి తలుపు గొళ్లెం వేసి, పక్కన కూర్చోబెట్టుకుంది. రాహేలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తన ఇంట్లో తానే పరాయి మనిషి అయిపోయింది. అరిస్తే పక్క క్వార్టర్ వాళ్లు వస్తారు. అరవలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు సుమో వచ్చింది. మహారాష్ట్ర నంబరు. దిగినవాడు లావుపాటి మనిషి, ఎవరితోనూ మాట్లాడలేదు, సారలమ్మ వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపుకే పిల్ల లేచి వెళ్లి బండిలో కూర్చుంది. అంతలో క్రిస్టినా సంచి మోసుకుంటూ వచ్చింది. జడకు మల్లెపూలు, ముఖాన పౌడరు, ఒళ్లంతా సంతోషం.

"అత్తా, నాయిన చౌరస్తల సమ్మె టెంటు కాడ ఉన్నడు, ఆడనే కలుస్తనన్నడు. నువ్వొక్కసారి ప్రార్థన చెయ్యి, పోతా."

పిల్ల ముందు మోకరించి తల వంచింది. రాహేలు ఆ తల మీద చెయ్యి పెట్టింది. పిల్ల తలకు పైన రాజకుమారి కళ్లు ఆమె వంకే చూస్తున్నాయి. ఇప్పుడు చెప్పు, చెప్పేయి అని లోపల ఏదో కొట్టుకుంది. చెప్పలేదు. చెప్పకపోగా, పచ్చిగా చెప్పాలంటే, రాహేలు ప్రార్థన చేసింది. ప్రభువా, ఈ బిడ్డను క్షేమంగా చేర్చు అంది. ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అన్నది రాజకుమారే.

సుమో కదిలి మూల తిరిగింది. రాహేలు వాకిట్లోనే కూలబడింది.  జైలు, ఉద్యోగం, చర్చిలో వెనక్కి తిరిగే తలలు, ఒకటొకటిగా కళ్ల ముందుకొచ్చాయి. మూసిన గదిలో ఒంటరిగా ఉన్నట్టు ఊపిరి ఆడలేదు. అప్పుడు తట్టింది. ఇంత భయం నలభై ఎనిమిదేళ్ల తానే తట్టుకోలేకపోతే, రేపు ఈపాటికి ఇదే భయం క్రిస్టినాకు వస్తుంది. అక్కడ వాకిలి ఉండదు, పక్క క్వార్టర్ ఉండదు, ఏడవడానికి కూడా వీలు లేదు.

లేచింది. చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, క్వార్టర్ల వెనక సందుల్లోంచి చౌరస్తా వైపు పరుగందుకుంది. మోకాళ్లు నొప్పులతో చర్చి మెట్లు కూడా పట్టుకుని ఎక్కే మనిషి పరుగెత్తుతోంటే జనం ఆగి చూశారు. గోదావరి బ్రిడ్జి వైపు పోయే బండి ఏదైనా చౌరస్తా దాటాల్సిందే. చౌరస్తా దాటాలంటే సమ్మె చేసేవాళ్లు వదలాల్సిందే. ఆ ఒక్క ఆశతో పరుగెత్తింది.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా టెంటు వేశారు. నాలుగు వందల మంది కార్మికులు కూర్చుని ఉన్నారు. ఇటు లారీలు, అటు లారీలు. దవాఖానకు పోయేవాళ్లనూ పరీక్షలకు పోయే పిల్లలనూ మాత్రం వదులుతున్నారు. సుమో అప్పటికే టెంటు ముందుకు వచ్చేసింది. దానికి దారి ఇవ్వడానికి అడ్డంగా పెట్టిన డ్రమ్మును తన చేతులతో పక్కకు దొర్లిస్తున్నవాడు యేసుదానం.

"జరగుండ్రి, జరగుండ్రి. నా బిడ్డ నర్సు చదువుకు పోతున్నది."

పక్కవాళ్లు నవ్వుతూ జరిగారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. క్రిస్టినా కిటికీలోంచి తండ్రికి చెయ్యి ఊపింది.

"యేసుదానం, ఆపు!"

రాహేలు వెళ్లి బండి ముందు నిలబడి రెండు చేతులూ బానెట్ మీద పెట్టింది. ఇంకేం మాట్లాడలేకపోయింది, ఊపిరే అందడం లేదు. డ్రైవరు హారన్ మోగించాడు. గొడవ చూసి బందోబస్తుకు వచ్చిన ఎస్సై దగ్గరకు వచ్చాడు. వారం రోజులుగా రోడ్డు మీదే ఉన్న మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏంది లొల్లి?"

"సార్, వీళ్లు పిల్లలను అమ్మతందుకు తీస్కపోతున్నరు."

 రాజకుమారి తొణకలేదు. బండి దిగి, వందనం పెట్టి, సంచిలోంచి కాగితం తీసి ఎస్సై చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. ముద్ర చూశాడు. కిటికీ దగ్గరకు పోయి క్రిస్టినాను అడిగాడు.

"నీకెన్నేండ్లు బిడ్డా?"

"పద్దెనిమిది నిండినయ్ సార్. నా ఇష్టంతోనే పోతున్న."

తడబడలేదు. ఎంత బాగా నేర్పిందో అంత బాగా చెప్పింది. రాహేలుకు ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననిపించింది.

"తండ్రెవరు? నువ్వు ఒప్పుకున్నవా?" ఎస్సై అడిగాడు.

"నేనే సార్, ఒప్పుకున్న. చర్చోళ్లే పంపుతున్నరు." యేసుదానం అయోమయంగా రాహేలు వంక చూశాడు. "అక్కా, ఏమైంది నీకు?"

ఎస్సై కాగితం మడిచాడు. "మేజరు పిల్ల, తండ్రి ఒప్పుకున్నడు, చర్చి కాగితమున్నది. నేనేం కారణం చెప్పి ఆపాలమ్మా? తప్పుకో."

రాజకుమారి చెయ్యి చాపింది, కాగితం తీసుకోవడానికి. రాహేలు ఆ చెయ్యి చూసింది. ఆ చేతిలోకి కాగితం వెళ్లిపోతే పని అయిపోయినట్టే.

"అది అబద్ధం సార్," అంది.  "పిల్లకు పదిహేడే. పద్దెనిమిదని రాసింది నేను. కింద సంతకం నాది. అట్ల చెప్పుమని నేర్పింది గూడ నేనే."

 ఎస్సై మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు.

"ఏం మాట్లాడుతున్నవో ఎర్కయితున్నదా? మైనరు పిల్లను పంపతందుకు దొంగ వయసు రాసిచ్చిన్నంటున్నవు. నీ మీద గూడ కేసైతది. నోటిమాటతోటి నేను బండి ఆప. రాసియ్యాలె."

"రాసిస్త."

"నౌకరి పోవచ్చు."

రాహేలు బానెట్ మీది నుంచి చేతులు తీయలేదు. "ఎర్కే సార్. రాసిస్త. లోపల ఇంకొక పిల్లున్నది. మెర్సీ అంటరు, పందొమ్మిదంటరు. దాని పేరు సారలమ్మ. ఏడు జాతర్ల పిల్ల."

ఎస్సై తల గిరుక్కున తిరిగింది. ఆయన ఏ ఊరివాడో గాని ఆ లెక్క ఆయనకు వెంటనే అర్థమైంది. వెనక తలుపు తీశాడు. ఆ పిల్ల సీటు కిందికి నక్కి, రెండు చేతులూ జోడించి, నన్ను జైల్ల ఎయ్యకుండ్రి అని ఏడుస్తోంది. డ్రైవరు గేరు మార్చి వెనక్కి దూకించబోయాడు. కానీ అప్పటికే బండి వెనక రోడ్డు నిండా కార్మికులు కూర్చుండిపోయారు. ఎవరు చెప్పారో తెలియదు. వాడిని కాలరు పట్టి బయటికి లాగినవాడు యేసుదానమే. కొట్టబోతే కానిస్టేబుళ్లు అడ్డం పడ్డారు. కొట్టలేక, రాహేలు వైపు తిరిగి "నువ్వు చెప్పినవనే గదా అక్కా పంపిన" అన్నాడు. ఆ మాట కన్నా దెబ్బే నయం.

పోలీస్ స్టేషన్ దాదాపు ఖాళీగా ఉంది, అందరూ బందోబస్తులోనే ఉన్నారు. రైటర్ ఒక్కడే, పాతికేళ్ల పిల్లవాడు, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మైనరు బాలికలను తీసుకుపోవడం, అమ్మకం, ఏవో సెక్షన్లు, ఏవో చట్టాలు ఎస్సై చెబుతుంటే అతను రాసుకుంటున్నాడు. పిల్లలను రేపు కరీంనగర్‌లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలట. వాళ్లు చెప్పేదాకా ఇంటికి పంపడానికి లేదట, హోంలో ఉంచాలట. బల్ల మీద కూర్చున్న సారలమ్మకు ఇది వినపడింది. హోం అంటే జైలేనా అని మహిళా కానిస్టేబుల్‌ను అడిగింది. కాదమ్మా అని ఆమె ఎంత చెప్పినా నమ్మలేదు. క్రిస్టినా మాత్రం ఏమీ అడగలేదు. జడలోని మల్లెలు పీకి ఒళ్లో పెట్టుకుంది. రాహేలు పక్కన కూర్చోబోతే జరిగి కూర్చుంది.

రాహేలు వాంగ్మూలం రాసి సంతకం చేసింది. ఎస్సై దాన్ని ఫైల్లో పెట్టి, రాజకుమారి సంచి బల్ల మీద బోర్లించాడు. చీర, పాటల పుస్తకం, రెండు ఫోన్లు, ఒక ప్లాస్టిక్ కవరు. కవరులోంచి కాగితాలు తీసి చూసి, ముఖం గంటు పెట్టుకుని రాహేలు ముందు పరిచాడు.

"ఒక్కటే రాసిన్నంటివి. ఇవేంది?"

ఐదు కాగితాలు. ఐదింటి మీదా చర్చి పేరు, సమాజం ముద్ర, రాహేలు సంతకం. ఐదింటిలోనూ తన గుండ్రటి చేతివ్రాతే. క్రిస్టినా పేరూ తారీఖూ ఉండాల్సిన చోట మాత్రం ఆ అక్షరాలు చెరిగిపోయి, వేరెవరో నీలం సిరాతో వేరే పేర్లు, వేరే తారీఖులు రాశారు. జిరాక్సులు. తను రాసిన కాగితంలో పేరు తీసేసి, మిగతాదంతా అట్లాగే వాడుకున్నారు.

"నేను రాయలె సార్," అంది. తర్వాత మళ్లీ చూసి, "రాసిన," అంది.

"ఈ పిల్లలెవలో ఎర్కనా?"

"లేదు సార్."

రెండు కాగితాల మీద ప్రయాణం తారీఖులు దాటిపోయాయి. ఒకటి పది రోజుల కింద, ఒకటి పోయిన సోమవారం. ఎస్సై ఫోనందుకుని బల్హార్షా రైల్వే పోలీసుల నంబరు కోసం ఎవరినో అడుగుతూ బయటికి పోయాడు. రైటర్ రాహేలును జాలిగా చూశాడు.

"అవ్వా, నీ సంతకం అయింది. ఇంటికి పో. రేపు పిలుస్తం."

రాహేలు లేవలేదు. ఇంటికి పోతే ఆ గోడల మధ్య భయం తనకోసం కూర్చుని ఉంటుందని ఆమెకు తెలుసు. భయం ఇక్కడా ఉంది, కానీ ఇక్కడ చేయాల్సిన పని ఒకటి ఉంది.

"ఇవి రాస్కో బిడ్డా. నేను చదువుత."

రైటర్ కొత్త కాగితం తీశాడు. రాహేలు కొంగుతో కళ్లు తుడుచుకుని మొదటి కాగితం దీపం దగ్గరకు జరుపుకుంది. పేరు చదివింది. తండ్రి పేరు చదివింది. ఊరు చదివింది. అతను ఒక్కొక్కటే రాసుకున్నాడు.

"వయసు?"

కాగితం మీద ఉంది. నిండుగా, స్పష్టంగా ఉంది. రాహేలు దాని మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"అది రాయకు బిడ్డా. అది ఆ పిల్ల వయసు గాదు. నేను రాసింది."